మూడు ఫీట్ల లోతు

పూనాల తవ్విన కందకమే ఇది.
అదే నారింజరంగు పైపు, చుట్టలు చుట్టలుగ,
ఒక్కో చుట్ట ఎడ్లబండి గిల్లంత.

కోస్గిల బస్సెక్కి పోయి
పదకొండేండ్లు రాత్రిపూటనే తవ్వినం అక్కడ.
పగలు కార్లు తిరగాలె గదా.
గుంపుమేస్త్రి చెన్నప్పని ఒకనాడు అడిగిన:
"దీంట్ల నీళ్లు పారుతయా?"
"మాటలు పారుతయి" అన్నడు.
నవ్వినం.
ఎవరి మాటలో అడగలె.
టార్పాలిన్ కింద చెవి భూమికానిచ్చి పండుకున్న,
ఒక్క ముక్క ఇనరాలె.

ఈసారి మా ఊరి పేరే ఫైలుల పడ్డదట.
"ఇంటింటికి ఇంటర్నెట్" అని
బడిగోడ మీద నీలంరంగుతోని రాసిండ్రు.
తడి ఆరకముందే మేక ఒకటి ఒరుసుకపోయింది.
"నెట్" తిర్లమర్లగ దాని పక్కబొక్కల మీదెక్కి
సర్కారు కన్న ముందు ఊరంత తిరిగొచ్చింది.

మెత్తటి మన్నంత జేసీబీ తిన్నది,
బండ తగిలిన కాడ మమ్ముల పిలిచిండ్రు.
కాగితంల ఐదు ఫీట్లు.
దిగి నిలబడితే నడుముకు అందలే.
"లోతు సాలదు సారూ" అన్న.
సూపర్వైజరు పిల్లగాడు టేపు చుట్టి జేబుల ఏసుకున్నడు,
ఆనక తన చెప్పులు చూసుకున్నడు.

పంచాయితీ ఆఫీసుల, చీపుర్లు పెట్టే అర్రల
ఒక డబ్బ బిగించిండ్రు.
కరెంటున్నంత సేపు పచ్చగ మిణుకుతది.

అబద్ధమెందుకు గని,
మునుపు రేషన్ డీలరు మిషను పట్టుకొని గుట్టెక్కేటోడు,
ఆయన ఎనుక మేము, ఖాళీ సంచులు నెత్తిన కప్పుకొని,
చెయ్యి పైకెత్తి ఆడ ఈడ తిప్పుకుంట ఆయన,
తేనెతుట్టె దేవులాడినట్టు.
ఇప్పుడా గుట్టెక్కుడు తప్పింది.
మాసమ్మ మనుమరాలు నర్సింగు ఫీజు
అరుగు మీద కూసోనే కట్టింది.
నాగర్‌కర్నూలు డాక్టరు ఫోన్ల కనవడి
బుడ్డోని నాలుక చూసి మందు చెప్పిండు.

నా వంతొచ్చింది.
బొటనేలు పెట్టిన. ఎర్రలైటు.
కొంగుకు తుడిచి పెట్టిన. ఎర్రలైటు.
"నిమ్మకాయతోని కడిగి రా పెద్దమ్మా."
"నెట్టు వచ్చెగా?"
"నెట్టున్నది. నీ ఏలే లేదు."

ఇరవైరెండేండ్ల గడ్డపార
ఏలి మీది గీతలన్ని నాకింది.
యాడ రాలినయో ఎవలకెరుక!
పూనాల ఏ సందులనో, ఏ అద్దాల మేడ ముంగటనో,
కొన్ని మన బడి ముంగటనే ఉండచ్చు.

శ్రావణంల మోరీ కోసం తవ్వుతుంటె వైరు తెగింది.
తొమ్మిది దినాలు మళ్ల గుట్ట.
పదో నాడు ఇంజినీరు వచ్చి బానెట్ మీద పటం పరిచిండు.
పటంల వైరు రోడ్డుకు ఎడమన పోతున్నది.
నేను కల్లు దుకాణం మూల నుంచి
పదహారు అడుగులేసి, మడిమెతోని తన్ని
"ఈడ" అన్న.
బండ అడ్డమొస్తె వంకర తిప్పింది మేమాయె,
పటానికెట్ల తెలుస్తది?

గొడుగు కింద కూసొని ఒక పిల్లగాడు
తెగిన కొసలు చిన్న పెట్టెల పెట్టి అతికిచ్చిండు.
వంగి చూసిన.
నా నెత్తి మీది తెల్లెంటిక కన్న సన్నం.
దీనికా, ఇంత మన్ను!

సగం దినం హాజరి రాసిండ్రు.
సంతకం రాదంటె ఇంకుడబ్బ మూత తీసిండ్రు.
ఏలు అద్ది గట్టిగ ఒత్తిన.
గీత లేదు, సుడి లేదు,
నల్లగ, గుండ్రంగ,
తవ్వి పూడ్చకుంట ఇడిసిపెట్టిన గుంత లెక్క.

కాగితం ఏమనలే.